దూరవాణికి నిలువ విద్యుత్తు

అనకాపల్లి జిల్లాలోని పరవాడ సముద్రతీరమునకు చేరువనున్న గ్రామము. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. పరవాడ పేరు వినగానే రెండు సంగతులు స్ఫురించును. ఒకటి, బొగ్గును మండించి విద్యుత్తును పుట్టించు సింహాద్రి కేంద్రము. రెండవది, మందులు తయారుచేయు కర్మాగారములతో నిండిన జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. సింహాద్రి కేంద్రమున ఒక్కొక్కటి 500 మెగావాట్ల శక్తిగల యూనిట్లు నాలుగు కలవు. వానిలో మొదటి రెండును 2002లోను, తక్కిన రెండును 2011, 2012 సంవత్సరములలోను పనికి వచ్చెను. నాలుగును కలిసి 2,000 మెగావాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయగలవు.

ఈ కేంద్రమునకు కొలది దూరములో ఒక సెల్‌ఫోను టవరు ఉన్నదనుకొందురు గాక. దానియందలి యంత్రములకు 48 వోల్టుల వద్ద 30 యాంపియర్ల ప్రవాహము కావలెననుకొన్నచో, అది 1,440 వాట్లు మాత్రమే. ఇంటిలో వాడు ఇస్త్రీ పెట్టె ఒకటి రెండింటికి చాలునంతటి విద్యుత్తు. సింహాద్రి కేంద్రము పూర్తిశక్తితో పనిచేసినచో ఇట్టి టవర్లు పదమూడు లక్షలకు పైగా నడపవచ్చును. అయినను గాలివాన వచ్చి స్తంభములు కూలిన రాత్రి, ఆ ఒక్క టవరు మూగవోవచ్చును. దీపము క్రిందనే చీకటియన్న సామెత ఇక్కడ అక్షరాల చెల్లును. విద్యుత్తు పుట్టుట వేరు; అది తీగవెంట నడచి చేరవలసిన చోటికి చేరుట వేరు. సింహాద్రిలో పుట్టిన విద్యుత్తు 4 లక్షల వోల్టుల పీడనముతో దేశమంతట అల్లుకొన్న తీగలలో కలిసిపోయి, ఉపకేంద్రములలో మెట్టుమెట్టుగా తగ్గింపబడి, తుదకు ఊరివీథిలోని స్తంభముమీదికి వచ్చును. ఆ దారిలో ఏ ఒక్కచోట తీగ తెగినను తరువాతి చోట్లన్నియు చీకటియగును.

ఇట్లు జరిగిన దినము ఉత్తరాంధ్ర ప్రజలు మరువలేరు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ అను తుపాను విశాఖపట్టణము వద్ద తీరమును దాటెను. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. వృక్షములు కూకటివేళ్లతో పెల్లగిలెను. విద్యుత్ స్తంభములు వేలకొలదిగా నేలకొరిగెను. నగరమునకును చుట్టునున్న గ్రామములకును కొన్నిదినములు విద్యుత్తు లేకపోయెను. దానితోపాటు దూరవాణియు మూగవోయెను. దూరదేశములందున్న బిడ్డలు తల్లిదండ్రుల క్షేమము తెలియక తల్లడిల్లిరి. సహాయమునకు వచ్చిన వారికి ఎచ్చట ఏమి కావలెనో తెలిసికొనుట కష్టమయ్యెను.

అంతకు ముప్పదియేడు సంవత్సరములకు పూర్వము, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమను ముంచివేసిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. తీగలు తెగి, మార్గములు మూసికొనిపోవుటచేత ఆ విపత్తుయొక్క నిజస్వరూపము బయటివారికి ఆలస్యముగా తెలిసెను. వార్త ఆలస్యమైనచో సహాయమును ఆలస్యమగును. సహాయము ఆలస్యమైనచో బ్రతుకవలసినవారు కూడ బ్రతుకరు. కావుననే దూరవాణి కేంద్రములందును, సెల్‌ఫోను టవర్లయందును విద్యుత్తును నిలువచేసి ఉంచుదురు. ఎంత నిలువచేయవలెను? దానిని నింపుటకు ఎంత యంత్రము కావలెను? ఈ రెండు ప్రశ్నలకును ఒక్కసారిగా సమాధానము చెప్పుకొన్నప్పుడే ఆ నిలువ అక్కరకు వచ్చును. మొదటి ప్రశ్నను మాత్రమే తలచి రెండవదానిని మరచిన చోట బ్యాటరీ యుండియు లేనట్లే యగును.

భారతదేశమున 1882 జనవరిలో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములందు దూరవాణి కేంద్రములు ప్రారంభమయ్యెను. ఆనాటి పద్ధతిలో చందాదారుని ఇంట దూరవాణితోపాటు ఒక చిన్న విద్యుద్ఘటము కూడ ఉండెడిది. ప్రతి ఇంటికిని పోయి ఆ ఘటములను మార్చుట శ్రమ. పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి పాశ్చాత్యదేశములలో కేంద్రముననే ఒక పెద్ద బ్యాటరీని ఉంచి, మాటలను మోయు తీగలగుండనే చందాదారులందరికిని విద్యుత్తును పంపు పద్ధతి అమలులోనికి వచ్చెను. ఇంటిలో దీపములారిపోయినను పాతకాలపు తీగల ఫోను మ్రోగుటకు ఇదియే కారణము. దానికి కావలసిన విద్యుత్తు ఇంటినుండి గాక కేంద్రములోని బ్యాటరీనుండి వచ్చుచుండెను.

నేటికిని దూరవాణి యంత్రములు చాలవరకు 48 వోల్టుల ఏకముఖ ప్రవాహముతోనే పనిచేయును. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టులనిచ్చును. అట్టి ఘటములు 24 వరుసగా కలిపినచో 48 వోల్టులగును. ఈ పీడనము తీగవెంట మైళ్లకొలది మాటను మోయుటకు చాలును. పొరపాటున చేయి తగిలినను సామాన్యముగా ప్రాణాపాయము కలిగింపదు. బ్యాటరీయొక్క ధన ధ్రువమును భూమికి కలుపుదురు. ఇట్లు చేయుటవలన తడినేలలో పాతిన రాగితీగలు విద్యుద్విశ్లేషణచే తినివేయబడకుండును.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే నిర్మించెను. గంధకామ్లపు ద్రావణములో సీసపు పలకలు రెండు విధములైనవి మునిగియుండును. విద్యుత్తును లోనికి పంపినచో పలకలమీద రసాయన మార్పు జరిగి శక్తి నిలువయగును. తీగను కలిపి విద్యుత్తును తీసికొన్నచో ఆ మార్పు వెనుకకు తిరుగును. రైతు పంటకాలమున గాదె నింపుకొని, ఎండకాలమున దానినుండి తీసి వండుకొనుటవంటిదే ఇది.

అయితే గాదెలోని ధాన్యము సోలెడు తీసినను మానెడు తీసినను మొత్తము మారదు. బ్యాటరీ అట్లు కాదు. మెల్లగా తీసికొన్నచో ఎక్కువ ఇచ్చును. తొందరగా తీసికొన్నచో తక్కువ ఇచ్చును. ఈ లక్షణమును 1897లో జర్మను శాస్త్రవేత్త ప్యూకర్టు సూత్రరూపమున తెలిపెను. మనదేశమున దూరవాణికి వాడు బ్యాటరీల పరిమాణమును 10 గంటలలో మెల్లగా తీసికొన్న లెక్కన చెప్పుదురు. 10 గంటలలో 100 యాంపియరు గంటలనిచ్చు బ్యాటరీ, 8 గంటలలో ఖాళీచేసినచో సుమారు 95, 5 గంటలలో 83, 3 గంటలలో 72, ఒకే గంటలో ఐతే 50 యాంపియరు గంటలు మాత్రమే ఇచ్చును. యాంపియరు గంటయనగా ఒక యాంపియరు ప్రవాహము ఒక గంటసేపు సాగిన పరిమాణము.

ఇక పైన చెప్పిన టవరునకు బ్యాటరీ లెక్క చూడవచ్చును. 30 యాంపియర్లు 8 గంటలు కావలెననుకొన్నచో, 30ని 8తో హెచ్చింపగా 240 యాంపియరు గంటలు వచ్చును. అనుభవము లేనివాడు ఇంతటితో ఆగి, బజారునకు పోయి 240 యాంపియరు గంటల బ్యాటరీని కొని తెచ్చును. అది 8 గంటలు నడువదు. దానికి మూడు కారణములు కలవు.

మొదటిది, సీసపు బ్యాటరీని అడుగంటువరకు వాడరాదు. అట్లు వాడినచో పలకలపై గట్టిపొర ఏర్పడి మరల సరిగా నిండదు. అందుచేత నూటికి 80 పాళ్లవరకే వాడుకొనుట మంచిది. 240ని 0.8తో భాగింపగా 300 వచ్చును. రెండవది, బ్యాటరీ ముసలిదగును. దాని శక్తి మొదటి శక్తిలో నూటికి 80 పాళ్లకు తగ్గినప్పుడు దానిని మార్చవలెనని నియమము. మార్చవలసిన దినమునాడు కూడ అది 8 గంటలు నిలువవలెను గదా! తుపాను బ్యాటరీయొక్క వయస్సును అడిగి రాదు. కావున 300ను మరల 0.8తో భాగింపగా 375 అగును. మూడవది, పైన చెప్పిన వేగమునుగూర్చిన లెక్క. 10 గంటలకు బదులు 8 గంటలలో తీసికొనుచున్నాము కావున 375ను 0.95తో భాగింపవలెను. అప్పుడు సుమారు 395 వచ్చును. విపణిలో దొరకు పరిమాణములలో దీనికి దగ్గరది 400 యాంపియరు గంటలు. 240గా కనిపించిన అక్కర 400గా తేలినది.

బ్యాటరీ ఇట్లు కుదిరినది. దానిని నింపునదేది? స్తంభముమీదినుండి వచ్చునది ఏకాంతర ప్రవాహము. దానిని ఏకముఖ ప్రవాహముగా మార్చు యంత్రమునకు రెక్టిఫైయరు అని పేరు. విద్యుత్తు ఉన్నంతసేపు ఈ రెక్టిఫైయరు రెండు పనులు చేయవలెను. ఒకటి, టవరు యంత్రములకు 30 యాంపియర్లను అందించుట. రెండవది, అదేసమయమున బ్యాటరీని నింపుట. నింపునప్పుడు పీడనము బ్యాటరీ పీడనముకంటె కొంచెము హెచ్చుగా ఉండవలెను. ఘటమునకు 2.25 వోల్టుల చొప్పున 24 ఘటములకు 54 వోల్టులతో బ్యాటరీని నిండుగా నిలిపియుంచుదురు. ఖాళీయైన దానిని త్వరగా నింపవలసినప్పుడు 2.3 వోల్టుల చొప్పున 55.2 వోల్టులవరకు పెంచుదురు.

ఇక్కడనే తరచుగా పొరపాటు జరుగును. యంత్రములకు 30 యాంపియర్లు చాలును గదా, 35 యాంపియర్ల రెక్టిఫైయరు ధారాళముగా సరిపోవునని తోచవచ్చును. దీని ఫలితము విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడదగినది. విద్యుత్తు పోయి బ్యాటరీనుండి 240 యాంపియరు గంటలు ఖర్చయినవి. నింపునప్పుడు కొంత వేడిగా వృథాయగును. నూటికి 15 పాళ్లు అదనముగా పంపవలెననుకొన్నచో 276 యాంపియరు గంటలు కావలెను. 35లో యంత్రములకు 30 పోగా బ్యాటరీకి మిగులునది 5 మాత్రమే. 276ను 5తో భాగింపగా 55 గంటలు! అనగా రెండు దినములకు పైగా. గాలివాన తరువాత విద్యుత్తు వచ్చుచు పోవుచుండును. ఉదయము వచ్చి సాయంకాలము మరల పోయినచో, ఆ రాత్రి బ్యాటరీ దాదాపు ఖాళీ గాదెయే. కొన్నప్పుడు దానికి వ్రాసిన 8 గంటలు కాగితముమీద మాత్రమే ఉండును.

కావున బ్యాటరీ పరిమాణములో పదవవంతు ప్రవాహమును నింపుటకని ప్రత్యేకించుట వాడుక. 400లో పదవవంతు 40. యంత్రములకు 30, బ్యాటరీకి 40, మొత్తము 70 యాంపియర్లు. ఇప్పుడు 276ను 40తో భాగింపగా సుమారు 7 గంటలు. నిండుటకు సమీపించినకొలది బ్యాటరీ మెల్లగా త్రాగును గనుక చివరిభాగము మరికొంత ఆలస్యమగును. అయినను పగలు వచ్చిన విద్యుత్తుతో రాత్రికి చాలినంత నిండును. రెక్టిఫైయర్లను ఒకే పెద్ద యంత్రముగా గాక చిన్నచిన్న భాగములుగా అమర్చుదురు. ఒక్కొక్కటి 25 యాంపియర్లదైనచో మూడు చాలును; వానితో నాలుగవదానిని అదనముగా ఉంచుదురు. ఒకటి చెడిపోయినను తక్కినవి పని నడపును. కావడి మోయువాడు అలసినప్పుడు భుజము మార్చుకొనుటకు తోడొకడుండుట వంటిదిది.

8 గంటలకు మించి విద్యుత్తు రానిచో డీజిలు జనరేటరు కావలెను. దాని పరిమాణమును టవరు యంత్రముల అక్కరనుబట్టి గాక రెక్టిఫైయరు అక్కరనుబట్టి లెక్కింపవలెను. 70 యాంపియర్లను 55.2 వోల్టులతో హెచ్చింపగా సుమారు 3,860 వాట్లు. రెక్టిఫైయరు తాను తీసికొన్నదానిలో నూటికి 92 పాళ్లను మాత్రమే తిరిగి ఇచ్చుననుకొన్నచో లోనికి 4,200 వాట్లు కావలెను. గదిని చల్లబరచు యంత్రమునకును దీపములకును 2,500 వాట్లు చేర్చినచో 6,700 వాట్లు. జనరేటర్ల శక్తిని వాట్లలోగాక వోల్టు యాంపియర్లలో చెప్పుట పరిపాటి, 0.8 చొప్పున మార్చినచో ఇది సుమారు 8,400 అగును. చల్లబరచు యంత్రపు మోటారు కదలిక ఆరంభించునప్పుడు క్షణకాలము అనేక రెట్లు అధికముగా లాగును. అందుచేత 15 కె.వి.ఏ. జనరేటరును ఎన్నుకొనుట క్షేమము.

అట్లని మరీ పెద్దదానిని తెచ్చుటయు తెలివి కాదు. పెద్ద ఇంజను స్వల్పభారముతో చాలకాలము నడచినచో డీజిలు పూర్తిగా మండక లోపల మసి పేరుకొనును; నూనె వ్యర్థమగును. ఎడ్లు రెండు లాగవలసిన బండికి ఏనుగును కట్టిన చందమగును.

ఇంజనునకు ఆహారము డీజిలు. గంటకు 2.5 లీటర్లు త్రాగుననుకొన్నచో, 100 లీటర్ల తొట్టి 40 గంటలు వచ్చును. తుపాను తరువాత చెట్లు అడ్డముగా పడిన రోడ్లమీద డీజిలు బండి రెండు దినములలో చేరునన్న నమ్మకము లేదు. ఇచ్చట పైన చేసిన లెక్కల మేలు తెలియును. రెక్టిఫైయరు తగినంత పెద్దదైనచో ఇంజను 8 గంటలు నడచి టవరును పోషించుచు బ్యాటరీని కూడ దాదాపు నింపును. పిమ్మట ఇంజను ఆగును. సుమారు 8 గంటలు బ్యాటరీ మోయును. 20 లీటర్లతో 16 గంటలు గడచును. ఈ విధముగా 100 లీటర్లతో రమారమి 80 గంటలు, అనగా మూడు దినములకు పైగా టవరు పలుకుచుండును. రెక్టిఫైయరు చిన్నదైనచో ఈ వంతు సాగదు. బ్యాటరీ నిండదు గనుక ఇంజను ఆగుటకు వీలుండదు. ఒక్క యంత్రపు కొలత తప్పుటచే బ్యాటరీయు, ఇంజనును, డీజిలును మూడును వ్యర్థమగుచున్నవి.

వీనిని కలుపు తీగలకు కూడ లెక్క కలదు. ఏకముఖ ప్రవాహము తక్కువ పీడనముతో నడచును గనుక తీగలో ఒకటి రెండు వోల్టులు పోయినను గొప్ప నష్టమే. బ్యాటరీ ఖాళీకావచ్చు సమయమున పీడనము సుమారు 44 వోల్టులకు దిగియుండును. అప్పుడు సన్నని తీగ మరి రెండు వోల్టులను తినివేసినచో, బ్యాటరీలో ఇంకను శక్తి మిగిలియున్నను టవరు యంత్రములు ఆగిపోవచ్చును. కావున తీగ వేడెక్కకుండుట మాత్రమే చాలదు. దాని పొడవును చూచి తగినంత లావుగా ఎన్నుకొనవలెను.

సముద్రతీరపు ఎండ బ్యాటరీకి మరియొక శత్రువు. మనదేశమున బ్యాటరీ శక్తిని 27 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కొలుతురు. అంతకంటె 10 డిగ్రీలు హెచ్చినచో బ్యాటరీ ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్లు లెక్కగట్టుదురు. 8 సంవత్సరములు నిలువవలసినది నాలుగేండ్లకే చచ్చును. రేకుల గదిలో గాలి ఆడకుండ బంధించిన బ్యాటరీ చూచుటకు క్రొత్తదిగానే కనిపించును. పీడనమును కొలిచినను 54 వోల్టులే చూపును. విద్యుత్తు పోయిన దినమున మాత్రము గంటలోనే చేతులెత్తివేయును. అందుచేత ఏడాదికొకసారియైన దానిని నిజముగా ఖాళీచేసి, ఎన్ని గంటలు వచ్చునో గడియారము పెట్టి చూడవలెను. తుపానుల ఋతువు రాకముందే ఈ పరీక్ష జరుగుట యుక్తము.

ఇటీవల సీసపు బ్యాటరీలకు బదులుగా లిథియము బ్యాటరీలను అమర్చుచున్నారు. ఇవి తేలికయైనవి, త్వరగా నిండును, మరింత లోతువరకు వాడుకొనవచ్చును. సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలును వ్యాపించుచున్నవి. సింహాద్రి కేంద్రపు జలాశయముపై 2021లో 25 మెగావాట్ల శక్తిగల సౌరఫలకములను నీటిమీద తేలునట్లు అమర్చిరి. అయితే పరికరము మారినను లెక్క మారదు. ఎంత ఖర్చగును, ఎంతసేపు నిలువవలెను, ఎంతలో తిరిగి నింపవలెను అను మూడు ప్రశ్నలును అట్లే ఉండును.

పరవాడవంటి చోట ఈ లెక్కకు విలువ హెచ్చు. ఒకవైపు సముద్రము, మరొకవైపు రసాయనములతో పనిచేయు కర్మాగారములు. అచ్చట ఏదేని ప్రమాదము జరిగినప్పుడు అగ్నిమాపక దళమునకును, ఆసుపత్రికిని కబురు నిమిషములలో అందవలెను. విద్యుత్తును పుట్టించు కేంద్రములు సైతము తమ అవసరమునకు బ్యాటరీలను సిద్ధముగా ఉంచుకొనును. అకస్మాత్తుగా అంతయు ఆగిపోయినప్పుడు తిరుగుచున్న టర్బైను యొక్క ఇరుసులకు చమురందించు పంపు ఆ బ్యాటరీలతోనే నడచును. వందల మెగావాట్లను పుట్టించు యంత్రము కూడ ఆపత్సమయమున నిలువ విద్యుత్తును నమ్ముకొనుచున్నది.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వ మొదలుపెట్టువానిని లోకము నవ్వును. బావి త్రవ్వియు అందులో ఊట ఎంతయో చూడనివాడు అతనికంటె ఎక్కువ తెలివిగలవాడు కాడు. దూరవాణికి నిలువచేయు విద్యుత్తునుగూర్చి చేయు లెక్కలలో హెచ్చవేత, భాగహారము తప్ప ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలియనిది ఏదియు లేదు. అయినను ఆ లెక్కను ఎండకాలపు నిర్మలమైన దినమున ఓపికతో, ఏ అంకెయు విడువకుండ చేసినవారి పుణ్యమున, తుపాను రాత్రి ఎవరో ఒక తల్లి ఫోను మ్రోగును. తన బిడ్డ క్షేమముగా నున్నాడని ఆమె వినును.